పాత సైగా రైఫిల్‌కి పిస్టల్ గ్రిప్ పెట్టాలి, ఈ "పది భాగాల" లెక్క ఏంటి?

తెనాలి_కుర్రాడు:
అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఉంటాను. పోయినేడాది గ్రీన్ కార్డు చేతికొచ్చింది. పన్నెండేళ్ల ఎదురుచూపు కదా, ఆ సంబరంలో ఒక పాత సైగా కొన్నాను. డీలర్ దగ్గరే, తుపాకీ కొనేవాళ్ల 4473 ఫారం నింపి, నేర చరిత్ర చెక్ అయ్యాకే తెచ్చుకున్నాను. తూటా 7.62×39, రష్యా ఇజ్మాష్ కంపెనీ సరుకు, వేట కోసం అమ్మిన మోడల్. లోపలంతా ఏకే-47 లాంటిదే. బయటికి మాత్రం కొంగలు కొట్టే తుపాకీలా ఉంటుంది. పిస్టల్ గ్రిప్ లేదు, ట్రిగ్గర్ ఎక్కడో వెనక్కి జరిపి పెట్టారు, బట్ లావుగా ఉంటుంది.

దీన్ని అసలు రూపానికి తేవాలని ఉంది. బల్గేరియా పిస్టల్ గ్రిప్ ఒకటి కొనేశాను. నేరేడు పండు రంగు, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. మడత పెట్టే అమెరికన్ స్టాక్, అమెరికన్ ట్రిగ్గర్ సెట్, మూతికి బిగించి కుదుపు తగ్గించే మజిల్ బ్రేక్, గురి చూసే రెడ్ డాట్ కార్ట్‌లో ఉన్నాయి. రేంజ్‌లో ఒకాయన నా గ్రిప్ చూసి "పది దాటకుండా చూసుకో" అని వెళ్లిపోయాడు. ఏంటి ఈ పది? అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

కరీంనగర్_రేంజర్:
అన్నా, అదంతా ఉత్తదే. ఎవడొచ్చి లెక్కపెడతడు? నేను పదేండ్ల సంది రేంజ్‌కు పోతున్న, స్క్రూడ్రైవర్ పట్టుకొని వచ్చిన ఆఫీసర్ ఒక్కడు కనబడలే. పెట్టేసెయ్.

ఇర్వింగ్_రావు:
రేంజర్ తమ్ముడూ, లెక్కపెట్టేవాడు రాడు అన్నది నీ అనుభవం. చట్టం ఉన్నది మాత్రం నిజం. కుర్రాడు పెట్టేసే ముందు అడిగాడు, అందుకు మెచ్చుకోవాలి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1968 గన్ కంట్రోల్ యాక్ట్‌లో ఒక మాట ఉంది. బయటి దేశం నుంచి తెచ్చే తుపాకీ "క్రీడా ప్రయోజనాలకి" పనికొచ్చేది అయి ఉండాలి. చాలా ఏళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, సెమీ ఆటోమేటిక్ ఏకేలు ఓడల్లో వచ్చేవి. 1989 జనవరి 17న కాలిఫోర్నియా స్టాక్టన్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్ ఆటస్థలంలోకి ఒకడు చైనా ఏకే రకం రైఫిల్‌తో వచ్చి కాల్చాడు. ఐదుగురు పిల్లలు చనిపోయారు. అందరూ కంబోడియా, వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాల పిల్లలే. ఈ "గ్రిప్పు, స్టాకు" మాటలు ఎక్కడ మొదలయ్యాయో తెలియాలని చెబుతున్నాను. ఆ మార్చిలో పెద్ద బుష్ ప్రభుత్వం దిగుమతులు ఆపింది. జూలైలో తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఒక నివేదిక ఇచ్చింది. మడిచే స్టాక్, పిస్టల్ గ్రిప్, బయొనెట్ తగిలించే కొక్కెం, కాల్చినప్పుడు మెరుపు దాచే ఫ్లాష్ సప్రెసర్, బైపాడ్, గ్రెనేడ్ లాంచర్, రాత్రి గురి... ఇవి ఉంటే అది మిలిటరీ రూపం, క్రీడది కాదు, లోపలికి రానివ్వం అని. నీ సైగా గ్రిప్ లేకుండా పుట్టింది అందుకే. ఈ రూల్ దాటి రావడానికే దానికి ఆ వేషం వేశారు.

మరి వచ్చాక ఇక్కడే విప్పి మళ్లీ మిలిటరీ రూపం చేస్తే? ఆ సందు మూయడానికే 1990 చివర్లో 922(ఆర్) అనే సెక్షన్ వచ్చింది. దిగుమతికి వీల్లేని రైఫిల్ లాంటిదాన్ని దిగుమతి భాగాలతో ఇక్కడ కూర్చకూడదు అంటుంది. అంటే ఎన్ని భాగాలు? ఏటీఎఫ్ నియమాల్లో 478.39 అని ఉంటుంది. అందులో 20 భాగాల పట్టిక. వాటిలో పదికి మించి విదేశీవి ఉండకూడదు. నీ రేంజ్ పెద్దమనిషి చెప్పిన పది అదే.

తెనాలి_కుర్రాడు:
రావు గారూ, దండాలు. 20 అంటే మరలు, స్ప్రింగులు కూడానా?

ఇర్వింగ్_రావు:
స్ప్రింగులు, పిన్నులు, మరలు లెక్కలోకి రావు. గురి పెట్టే సైట్లు, రెడ్ డాట్, స్లింగ్, లైటు, అవి తగిలించే పట్టాలు ఏవీ రావు. నీ రెడ్ డాట్ చైనాదైనా ఈ లెక్కకి సంబంధం లేదు.

నీ సైగా ఇప్పుడున్నట్టే లెక్కపెడదాం, వేళ్లు ముడుస్తూ రా. రిసీవర్, బ్యారెల్, ట్రనియన్, బోల్ట్, బోల్ట్ క్యారియర్, గ్యాస్ పిస్టన్. ఆరు. ట్రిగ్గర్, హ్యామర్, డిస్కనెక్టర్. తొమ్మిది. స్టాక్, హ్యాండ్‌గార్డ్. పదకొండు. మ్యాగజైన్ ఒక్కటి కాదు, దాని డబ్బా, లోపలి ఫాలోవర్, అడుగు పలక మూడూ విడివిడిగా పట్టికలో ఉన్నాయి. మొత్తం పద్నాలుగు, అన్నీ రష్యావే. పిస్టల్ గ్రిప్ లేదు, మూతికి ఏమీ లేదు. ఈ వేషంలో ఉన్నంతసేపు పద్నాలుగు ఉన్నా తప్పు లేదు, ఎందుకంటే దిగుమతికి ఒప్పుకున్న రూపం ఇది. గ్రిప్ తగిలించిన నిమిషం నుంచే పది లెక్క మొదలవుతుంది.

ఇప్పుడు నీ కార్ట్. అమెరికన్ ట్రిగ్గర్ సెట్ వేస్తే మూడు పోయి పదకొండు. అమెరికన్ స్టాక్ వేస్తే పది. గ్రిప్ అమెరికాదైతే అది విదేశీ లెక్కలో చేరదు, పదితో సరిపోతావు. కానీ నీ నేరేడు పండు బల్గేరియాది. పదకొండు.

తెనాలి_కుర్రాడు:
అమ్మ బల్గేరియా!!

బే_ఏరియా_బాబీ:
😂 అమెరికన్ ప్లాస్టిక్ మ్యాగజైన్ వాడు బ్రో. ఒక్క దెబ్బకి మూడు భాగాలు తగ్గుతాయి. పదకొండు లోంచి మూడు పోతే ఎనిమిది.

ఇర్వింగ్_రావు:
బాబీ, కాగితం మీద సరిగ్గానే ఉంది. ఆదివారం రేంజ్‌లో పక్క బెంచీ మిత్రుడు "ఇది పెట్టి చూడు" అని పాత రుమేనియా మ్యాగజైన్ చేతికిస్తాడు. టక్కున పెడతావు. మళ్లీ పదకొండు. మ్యాగజైన్ పెట్టడాన్ని "కూర్చడం" అంటారా లేదా అని మనవాళ్లు ఏళ్లుగా వాదించుకుంటున్నారు. చట్టంలో ఉన్న మాట కూర్చడమే, దగ్గర ఉంచుకోవడం కాదు, అది ఒప్పుకుంటాను. కానీ ఆ వాదన కోర్టులో మొదటిసారి చెప్పేవాణ్ణి నేనే కావాలని నాకు లేదు. అందుకే నా తుపాకుల్లో మ్యాగజైన్‌ని ఎప్పుడూ విదేశీదిగానే లెక్కేసి, మిగతావాటితో పదికి తెస్తాను. ఆ తర్వాత ఏ మ్యాగజైన్ పెట్టినా నిద్ర పడుతుంది.

ఇంకోటి, ఆ సైగాలో మామూలు ఏకే మ్యాగజైన్ ఎలాగూ సరిగా పనిచేయదు. తూటాని దారిలో పెట్టే బుల్లెట్ గైడ్ ఆ వేట మోడల్‌కి ఉండదు. ఆ పని కావాలంటే గన్‌స్మిత్‌కి ఇవ్వు, సొంతంగా డ్రిల్లు పెట్టకు.

ఓహాయో_వకీలు:
నాకు తుపాకులు అంతగా తెలియవు, ఇమ్మిగ్రేషన్ కేసులు చేస్తాను. రేంజర్ గారు "ఎవడొచ్చి లెక్కపెడతడు" అన్నారు కాబట్టి రాయాల్సి వస్తోంది.

922(ఆర్) తెలిసీ కావాలని ఉల్లంఘిస్తే ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. సిటిజన్‌కి అక్కడితో అయిపోతుంది. గ్రీన్ కార్డు వాళ్లకి ఇంకో తలుపు ఉంది. ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఫైర్‌ఆర్మ్ నేరాలకి ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది, 237(ఎ)(2)(సి). తుపాకీ గానీ, దాని భాగం గానీ, యాక్సెసరీ గానీ చట్టానికి విరుద్ధంగా కొన్నా, అమ్మినా, దగ్గర ఉంచుకున్నా, వాడినా, దానిపై శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అది కారణం అవుతుంది. "భాగం, యాక్సెసరీ" అన్న మాటలు సెక్షన్‌లోనే ఉన్నాయి. ఎన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నా సరే.

పక్క బెంచీ టెక్సాస్ ఆయనకి ఇది రసీదుల గొడవ. మనకి ఇల్లు, పిల్లల స్కూలు, అన్నీ. పన్నెండేళ్లు లైన్లో నిలబడి తెచ్చుకున్న కార్డుని నేరేడు పండు రంగు గ్రిప్‌కి తాకట్టు పెట్టకండి తమ్ముడూ.

కరీంనగర్_రేంజర్:
మేడం, నాది సిటిజన్‌షిప్ అయింది, ఆ లెక్కల మాట్లాడిన. గ్రీన్ కార్డు సంగతి నాకు తట్టలే. కుర్రాడా, నా మాట పక్కన పెట్టు.

సుదీప్_హెచ్1బీ:
అదే వరసలో నా డౌటు. నేను హెచ్‌1బీ. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చొచ్చా? మా టీమ్ వాళ్లంతా వెళ్తున్నారు.

ఓహాయో_వకీలు:
నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు, 922(జి)(5). రేంజ్‌లో గంటసేపు చేతిలో పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. మినహాయింపులు ఉన్నాయి, మనకి పనికొచ్చేది ఒకటే. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. అది చేతిలో ఉంటేనే వెళ్లండి, కాపీ జేబులో పెట్టుకోండి. రేంజ్ వాళ్లు అడగలేదు కాబట్టి పర్లేదు అనుకోవద్దు. మీరు సంతకం చేసే కాగితంలో అది చిన్న అక్షరాల్లో ఉండొచ్చు.

సిక్కోలు_సిపాయి:
నాయనా, నేను మా అబ్బాయి ఇంటికి ఆర్నెల్లకి వచ్చిన ముసలాణ్ణి. హవల్దారుగా రిటైరయ్యాను. మా వాడు ఈ పేజీ చూపించాడు. వీసా కాగితం చూసి నన్ను రేంజ్‌కి తీసుకెళ్లనన్నాడు, ఇరవై నాలుగేళ్లు తుపాకీ మోసినవాణ్ణి! సరే, చట్టం చట్టమే.

కాశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌లో ఉన్నప్పుడు నా చేతిలో ఏకే ఉండేది. మీరు చెప్పే సామాన్లు ఏవీ దానిమీద లేవు. స్లింగు ఒకటి. రెండు మ్యాగజైన్లు ఒకదానికొకటి తలకిందులుగా పెట్టి, కరెంటు పనివాళ్ల నల్ల టేపు చుట్టేవాళ్లం. మాకు తెలిసిన యాక్సెసరీ అది. టేపు ఎక్కువ చుడితే పౌచ్‌లో ఇరుక్కునేది, తక్కువ చుడితే ఊడిపోయేది, మూడున్నర చుట్లు సరిగ్గా ఉండేది. కింది మ్యాగజైన్ మూతిలో మట్టి దూరుతుందని ఉస్తాద్ తిట్టేవాడు. తిట్టినా చుట్టేవాళ్లం.

గ్రిప్ రంగు గురించి ఇంత చర్చ చూస్తే నవ్వొచ్చింది. కోపంగా అనడం లేదు బాబూ, మీరు సరదాకి కాలుస్తున్నారు, అది మంచిదే. స్టాక్ భుజానికి సరిపోయిందో లేదో చూసుకో. మిగతాది తర్వాత.

తెనాలి_కుర్రాడు:
బాబాయి గారూ, మీలాంటి వాళ్లు రాయడం మా అదృష్టం. మీ అబ్బాయి గారితో చెప్పండి, టెక్సాస్‌లో బయటి ఊరివాళ్లకి కూడా వేట లైసెన్స్ అమ్ముతారు. వకీలు గారి మాట ప్రకారం అది ఉంటే మిమ్మల్ని తీసుకెళ్లొచ్చు.

ఓహాయో_వకీలు:
సరైన మాటే. ముందు లైసెన్స్ కొనండి, తర్వాతే రేంజ్. తారీఖు చూసుకోండి, గడువు తీరినది పనికిరాదు.

తెనాలి_కుర్రాడు:
ఇక నా గ్రిప్ సంగతి. రావు గారూ, అది ఉంచుకునే దారి లేదా?

ఇర్వింగ్_రావు:
ఉంది. ఇంకో విదేశీ భాగం తీసేయాలి, అంతే. రెండు దారులు. గ్యాస్ పిస్టన్ అమెరికాది వేయొచ్చు, కానీ అది క్యారియర్‌కి పిన్నుతో బిగించి ఉంటుంది, తీయడం తలనొప్పి. హ్యాండ్‌గార్డ్ మార్చడం తేలిక. సైగా హ్యాండ్‌గార్డ్ బిగింపు మామూలు ఏకేలా ఉండదు కాబట్టి సైగా కోసమే చేసిన అమెరికన్ హ్యాండ్‌గార్డ్ తీసుకో. పట్టికలో పైదీ కిందదీ కలిపి ఒకటే పేరు. కాబట్టి కిందది అమెరికాది, పైన రష్యా ముక్క అలాగే ఉంచితే తగ్గినట్టు కాదని నా అభిప్రాయం. రెండూ మార్చు. అప్పుడు బల్గేరియా గ్రిప్‌తో కలిపి సరిగ్గా పది.

మజిల్ బ్రేక్ అమెరికాదే కొను. విదేశీది పెడితే మళ్లీ పదకొండు. పాత సోవియట్ బ్రేక్ చవగ్గా దొరికిందని మురిసిపోకు.

మడిచే స్టాక్ గురించి: రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకి, మొత్తం పొడవు 26 అంగుళాలకి తగ్గకూడదు. పొడవుని ఏటీఎఫ్ స్టాక్ తెరిచి కొలుస్తుంది, నీకు ఇబ్బంది లేదు. బ్యారెల్ కోయించాలన్న ఆలోచన వస్తే అది వేరే లోకం, ఎన్‌ఎఫ్‌ఏ (నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్). 2026 జనవరి నుంచి పొట్టి రైఫిళ్ల మీద 200 డాలర్ల పన్ను సున్నా అయింది. అది చూసి చాలామంది అంతా ఫ్రీ అనుకుంటున్నారు. పన్ను పోయింది, రిజిస్ట్రేషన్ పోలేదు. ముందే ఆమోదం రావాలి.

బే_ఏరియా_బాబీ:
మా కాలిఫోర్నియాలో ఇదంతా చదివి ఏడవడమే. ఫెడరల్ లెక్క సరిపోయినా ఇక్కడ తీసేసే మ్యాగజైన్ ఉన్న సెంటర్‌ఫైర్ సెమీ రైఫిల్‌కి పిస్టల్ గ్రిప్ ఒక్కటి ఉన్నా అసాల్ట్ వెపనే. మడిచే స్టాక్ ఉన్నా అంతే. ఫ్లాష్ సప్రెసర్ ఉన్నా అంతే. మజిల్ బ్రేక్ మాత్రం పర్లేదు. మ్యాగజైన్ పది తూటాలే. నా రైఫిల్ గ్రిప్‌కి చేప రెక్కలా ఒక పలక ఉంటుంది, బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోనివ్వదు. మా ఆవిడ "ఇదేంటి, కత్తిపీట పిడా?" అంది. ఇల్లినాయిస్, వాషింగ్టన్‌లలో 2023లో వచ్చిన చట్టాలు ఇంకా గట్టివి. మన ఫ్రెండ్స్ టెక్సాస్ నుంచి సియాటిల్ ఉద్యోగానికి మారేటప్పుడు ట్రక్కులో సామాన్లతోపాటు రైఫిల్ పడేసి వస్తుంటారు. ముందు ఆ రాష్ట్ర చట్టం చదవండి బాబూ.

కొత్త_సభ్యుడు_77:
ట్రిగ్గర్ సెట్ ఎలాగూ మారుస్తున్నారు కదా, సెలెక్టర్‌లో ఆ ఇంకో పొజిషన్ కూడా వచ్చేలా...

నిర్వాహకుడు:
ఆపండి. మెషిన్ గన్ గురించి ఈ వేదికలో ఒక్క మాట కూడా వద్దు. 1986 మే 19 తర్వాత చేసినవి మామూలు పౌరులకి పూర్తిగా నిషేధం, పదేళ్ల వరకు జైలు. ఇలాంటి పోస్టు మళ్లీ కనబడితే ఖాతా తీసేస్తాను. మిగతా చర్చ కొనసాగించండి.

తెనాలి_కుర్రాడు:
ఇంకో చిన్న ప్రశ్న. తీసేసిన రష్యన్ బట్, హ్యాండ్‌గార్డ్ ఏం చేయాలి? గుంటూరులో మా బావమరిది, "మా నాన్న డబుల్ బ్యారెల్‌కి అతికిస్తా, పండక్కి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పడేయ్" అంటున్నాడు.

ఇర్వింగ్_రావు:
ఒద్దు, ఒద్దు, ఒద్దు. ఇక్కడి నుంచి తుపాకీ భాగాలు బయటికి తీసుకెళ్లడానికి ఎగుమతి నిబంధనలు ఉన్నాయి. రైఫిల్ స్కోపులు కూడా ఆ పట్టికల్లో ఉంటాయి, "మామయ్య ఎయిర్‌గన్‌కి" అని స్కోపు తీసుకెళ్లేవాళ్లు ఇది వినండి. అక్కడ దిగాక 1959 ఆయుధాల చట్టంలో "ఆయుధం" అన్న మాటలోనే దాని భాగాలు కూడా వస్తాయి. శంషాబాద్ కస్టమ్స్ బల్ల మీద సూట్‌కేసు తెరిచి, "ఇది కట్టెముక్క సార్" అని చెప్పుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోకు. పైగా డబుల్ బ్యారెల్‌కి అది అతకదు కూడా.

తీసినవి పారేయకు. ఒక డబ్బాలో పెట్టి ఉంచు. రేపు కాలిఫోర్నియాలో ఉద్యోగం వస్తే గ్రిప్ తీసి మళ్లీ ఈ వేషమే వేయాల్సి రావొచ్చు. నేను 2014లో నా సైగా పాత బట్‌ని గ్యారేజ్ సేల్‌లో ఇచ్చేశాను. అదే జూలైలో కలాష్నికోవ్ కన్సర్న్ (ఇజ్మాష్‌కి కొత్త పేరు) మీద అమెరికా ఆంక్షలు వచ్చాయి, కొత్త రష్యా సరుకు ఆగిపోయింది. అదే బట్ కోసం మళ్లీ వెతికితే దొరికిన ధర చూసి ఫోన్ పక్కన పెట్టేశాను.

కరీంనగర్_రేంజర్:
రావు సాబ్, రసీదులు ఎట్ల పెట్టుకోవాలె? ఇప్పుడు నాకు గూడ లెక్క చూసుకోవాలనిపిస్తున్నది.

ఇర్వింగ్_రావు:
అమెరికాలో చేసిన భాగాల మీద చాలావాటికి కంపెనీ గుర్తు, "యూఎస్ఏ" అని అచ్చు ఉంటుంది. కొన్నింటికి ఉండదు. అందుకే ప్రతి భాగం ఆర్డర్ కాగితం, బిగించే ముందు ఆ గుర్తు కనబడేలా ఫోటో తీసి ఉంచు. నేను ఒక కార్డు మీద ఇరవై పేర్లూ రాసి, ఎదురుగా దేశం పేరు రాసి, రైఫిల్ పెట్టెలో వేస్తాను. తుపాకీ అమ్మినప్పుడు కార్డు కూడా ఇచ్చేస్తాను. రూలేమీ కాదు, నా చాదస్తం.

తెనాలి_కుర్రాడు (ఐదు వారాల తర్వాత):
పని అయింది. ట్రిగ్గర్‌ని ముందుకి జరపడం, మజిల్ బ్రేక్ బిగించడానికి మూతి మీద మర కోయడం గన్‌స్మిత్‌కే ఇచ్చాను, ఆయన లైసెన్స్ ఉన్నవాడు. ట్రిగ్గర్ సెట్, స్టాక్, హ్యాండ్‌గార్డ్ పైదీ కిందదీ, మజిల్ బ్రేక్ అమెరికావి. గ్రిప్ బల్గేరియాది. విదేశీవి: రిసీవర్, బ్యారెల్, ట్రనియన్, బోల్ట్, క్యారియర్, పిస్టన్, గ్రిప్, మ్యాగజైన్ మూడు. నాలుగుసార్లు లెక్కపెట్టాను, మా ఆవిడతో ఐదోసారి లెక్కపెట్టించాను. పది. కార్డు పెట్టెలో ఉంది.

రెడ్ డాట్ మాత్రం తిరిగి పంపేశాను. సిపాయి బాబాయి గారు అన్నట్టు ముందు స్టాక్ భుజానికి సరిపోవాలి కదా, అది చూస్తే నాకు పొడుగైంది. ఇంకో స్టాక్ ఆర్డర్ పెట్టాను. అమెరికాదే.

సిక్కోలు_సిపాయి:
మా వాడు లైసెన్స్ కొన్నాడు నాయనా. శనివారం వెళ్తున్నాం. నల్ల టేపు తెమ్మన్నాను, "ఒద్దు నాన్నా, అక్కడ నవ్వుతారు" అంటున్నాడు.